పచ్చలైటు వెలుగుతోంది కదా అని...

మొన్న శనివారం మా అమ్మ పులిహోర పోపు పెడుతుంటే ఎండుమిరపకాయలు మాడి, కింద హాల్లో స్మోక్ అలారం అందుకుంది. టెక్సాస్‌లో మా ఇంట్లో ఇవి ఐదున్నాయి, కరెంటుతో నడిచేవి. ఒకటి కూస్తే అన్నీ కూయాలి. అమ్మ చీపురెత్తి దాన్ని కొట్టబోతుంటే ఆపి, టవలుతో విసురుతూ నిలబడ్డాను. అప్పుడు తట్టింది, పైన పాప గదిలోంచి చప్పుడే లేదని. అమ్మా, పాపా తలుపేసుకుని పడుకునేది ఆ గదిలోనే. అమ్మకి వినికిడి కూడా కాస్త తక్కువ.

వెళ్ళి చూస్తే దాని పచ్చలైటు నిక్షేపంలా వెలుగుతోంది. బటన్ నొక్కితే చెవులు చిల్లులు పడేలా అరిచింది. మిగతావి మాత్రం ఉలకలేదు, పలకలేదు. మన భాషలో చెప్పాలంటే సర్వర్ బతికే ఉంది, క్లస్టర్లో లేదు.

బ్రేకర్ ఆపి, టెస్టర్‌తో చూసుకుని, అలారం దించాను. ఎర్తు కాక మూడు వైర్లు. నల్లది 120 వోల్టుల ఫేజు, తెల్లది న్యూట్రల్. మూడోది ఎర్రది, కబురు మోసేది. ఒకదానికి పొగ తగిలితే ఈ వైరు ద్వారానే మిగతావాటికి తెలుస్తుంది. దాని చివర క్యాపు బిగించి డబ్బాలోకి తోసేసి ఉంది.

ఆ ఘనకార్యం నాదే. రెండేళ్ళ క్రితం అక్కడిది చెడిపోతే, సేల్లో దొరికిందని వేరే కంపెనీది తెచ్చాను. వేరే కంపెనీ వాటితో కలపొద్దని మాన్యువల్లో ఉంది, చదివాను కూడా. సరే, తర్వాత చూద్దాంలే అని ఎర్ర వైరు వదిలేశాను. ఆఫీసులో అయితే కనీసం ఒక టూడూ కామెంటన్నా రాసేవాణ్ణి!

మిగతావి దించితే వెనక 2011 అని తయారీ తేదీ. వీటి ఆయుష్షు పదేళ్ళే. నేనేమో బ్యాటరీలు మారుస్తూ ధీమాగా ఉన్నాను.

ఐదూ ఒకే కంపెనీవి కొన్నాను, ఫొటోఎలక్ట్రిక్ రకం. అయొనైజేషన్ రకం మన పోపులకి మరీ తొందరగా రెచ్చిపోతుంది. సాయంత్రానికి బిగించడం అయింది. అమ్మ కింద బటన్ నొక్కింది, నేను పాప గదిలో తలుపేసుకుని నిలబడ్డాను. నెత్తిమీద కూసింది. "వినపడిందిరా?" అని కిందినుంచి అమ్మ కేక.

బజారునుంచి వచ్చిన మా ఆవిడ, అన్నీ ఎందుకు మార్చావంది. పాతబడ్డాయన్నాను. ఎర్ర వైరు సంగతి చెప్పడానికి నోరు రాలేదు. నేను రాసేవన్నీ తను చదువుతుంది కాబట్టి, ఇప్పుడు చెప్పినట్టే.