లంకావిలో అమ్మ

సింగపూర్ వచ్చిన అమ్మను క్రూజ్‌కి తీసుకెళ్లాను. బాల్కనీ గది చూసి "ఇంత డబ్బెందుకే" అని ఒకటే గొణుగుడు.

పినాంగ్ దాటాక లంకావిలో దిగాం. 2007లో యునెస్కో జియోపార్కుగా గుర్తించిన దీవులవి. కిలిమ్ దగ్గర చిన్న పడవెక్కితే రెండు వైపులా మడ అడవి, పైన తెల్లటి తలల గరుడ పక్షులు. అమ్మ చేతులు జోడించింది.

"టీవీలో చూపించే మన కోరింగలాగే ఉందే!"

"నువ్వు కోరింగ వెళ్లలేదా అమ్మా?"

"కాకినాడ నుంచి గంట దూరం కూడా లేదు. మీ నాన్న క్యారేజీ, మీ బళ్లు, మామ్మగారి మందులు... ఎప్పుడు వెళ్లనూ?"

నాకు మాట రాలేదు. ఆ క్యారేజీల్లో నాదీ ఒకటి.

ఈ సంక్రాంతికి ఇంటికెళ్తున్నాం. ముందు కోరింగ, తర్వాతే పిండివంటలు. మీ అమ్మనూ ఒకసారి అడిగి చూడండి.