మా మనుమరాలి గిటారు

గడచిన వేసవి సెలవులలో మా మనుమరాలు వీపున నొక గిటారు తగిలించుకొని చీపురుపల్లి స్టేషనులో రైలు దిగినది. ఇంట నడుగిడినది మొదలు ఒకటే వాయింపు. అయిదు స్వరములు పైకి, ఆ యయిదే క్రిందికి. వ్రేళ్ల వేగము చూడ ముచ్చటయే గాని, గడియసేపు విన్నపిదప మాకు తల దిమ్మెక్కెను. ఆ పిల్లయు విసిగి వాద్యమును మంచముపై నుంచి, "మామ్మా, స్వరాలన్నీ సరిగ్గానే పడుతున్నాయి. పాటలా ఎందుకు లేదు?" అని కన్నీరు పెట్టుకొనినది. వచ్చే నెల కళాశాలలో తోడివారితో వాయించుచు, నడుమ తనవంతు రాగానే అప్పటికప్పుడు కల్పించి వాయింపవలెనట.

ఆ ప్రశ్న మాకు పాతదే. 1974లో మేము క్రొత్తగా కాపురమునకు వచ్చి, వారమునకు రెండుమారులు పాసింజరు బండిలో విజయనగరము పోయి వీణ నేర్చుకొనుచుంటిమి. 1919లో మహారాజావారు నెలకొల్పిన సంగీత కళాశాల, దానికి తొలి అధ్యక్షులైన ఆదిభట్ల నారాయణదాసుగారు, ద్వారం వెంకటస్వామినాయుడుగారి ఫిడేలు, వీని ముచ్చట్లు మా యింట తఱచుగా సాగెడివి. కోడలు సంగీతమునకై రైలెక్కినను అత్తగారు అడ్డుచెప్పకుండుటకు ఆ గాలియే కారణమనుకొందుము. మాది గొల్లపల్లిలో పనసమ్రాను తొలిచి చేసిన బొబ్బిలి వీణ.

ఆ యేటి నవరాత్రుల పేరంటమున మోహనరాగము ఆలాపింపబూనితిమి. సరిగపదస, సదపగరిస, మరల నదియే, మరికొంత వేగముగా. అత్తగారు తాంబూలము లందించుచునే, "అమ్మాయీ, మెట్లెక్కుతున్నావు, దిగుతున్నావు గాని, ఇంట్లోకి రావేమే?" అనిరి. వీణకు ఇరువదినాలుగు మెట్లుండుట యెఱిగిన పేరంటాండ్రందఱు నవ్విరి. ఆ రాత్రి వీణకు కప్పిన దుప్పటి పదునొకండేండ్లు తీయలేదు. ఆమె మాటలో తప్పు లేదు. నలుగురిలో ననుటయే మాకు నేటికిని మ్రింగుడుపడదు.

తరువాత నెమ్మదిమీద తెలిసినదేమనగా, పాడువారికి ఊపిరి చాలదు గనుక వారు ఆగుదురు. తీగెవాద్యమునకు ఊపిరి పట్టులేదు. వ్రేళ్లు పరుగే యెఱుగును. రాగము పరుగులో దొరకదు. ఆరభి, దేవగాంధారి యను రెండు రాగములను చూడుడు. రెండింటికిని ఆరోహణము సరిమపదస, అవరోహణము సనిదపమగరిస. కాగితముపై నక్షరము తేడా లేదు. అయినను ఆరభి చుఱుకుగా, నిషాదగాంధారములను తాకియు తాకకయే సాగిపోవును. దేవగాంధారి ఊగుచు, నిలిచి నిలిచి నడచును. వినుచున్న వారికి రెండు వేఱు మనస్సులు గోచరించును.

మా మనుమరాలు పెంటాటోనిక్ అనుచున్నది మన మోహనమే. అవే స్వరములలో వేఱొకదానిని షడ్జము చేసికొన్నచో వేఱు రాగము పుట్టునని యామె యెఱుగును. వారు మోడ్ అందురట, మనవారు గ్రహభేద మందురు. అయితే శ్రుతి లేక వాయించుచుండుటచే ఆ భేద మామె చెవికి తెలియలేదు. సెల్‌ఫోనులో తంబూర పెట్టించి, శ్రుతిని గాంధారమునకు మార్చితిమి. వ్రేళ్లు అవే, వినవచ్చినది హిందోళము. రిషభమునకు మార్చగా మధ్యమావతి. పిల్ల కన్నులు విచ్చుకొనినవి.

పిదప తొలిశ్రుతికే వచ్చి, ఒక నియమము పెట్టితిమి. పొయ్యిమీది పాలు పొంగువఱకు సరిగ మూడే స్వరములు. ఏ పలుకైనను ముందు నోట పాడి, ఊపిరి తీసికొన్నచోట వ్రేలును ఆపవలెను. ఆమె తొలుత సణిగినది. గొంతు సరిగా లేదన్నది. నాలుగవమాటో అయిదవమాటో గాంధారముపై నిలిచి, తీగెను కొంచె మూచి, ఊరకుండి, సరిగా ఆ మౌనమునుండి రిషభమునకు దిగినది. మేము చేతిలోని గరిటె మఱచితిమి.

పాలు పొంగి పొయ్యి ఆరిపోయినది. ఆ పూట కాఫీ ఆలస్యమైనందుకు మా వారు విసుగుకొనిరి. మఱునాడు వీణకు తీగెలు తెప్పింపుమని వారితోనే విజయనగరము కబురంపితిమి.