అగాధజలములలోని అతికాయులు

కొన్ని ఉదయములందు విశాఖపట్టణపు ఇసుక మీద గాజువలె మెఱయు ముద్ద యొకటి పడియుండును. అల దానిని తెచ్చి విడిచిపోయినది. పిల్లలు పుల్లతో కదిపి చూతురు. పెద్దలు "ముట్టకుడు, కుట్టును!" అని కేకవేయుదురు. ఎండ యెక్కినకొలది ఆ ముద్ద క్రుంగి క్రుంగి, తుదకు ఇసుకలో తడి మరక మాత్రము మిగులును. దానిని జెల్లీ చేప యందురు. చేప యనుట పేరునకే. దానికి ముల్లు లేదు, పొలుసు లేదు, గుండె లేదు, మెదడు లేదు. దేహములో నూటికి 95 పాళ్లు నీరే. ఇన్ని లేములతోడనే ఆ జాతి 50 కోట్ల సంవత్సరములకు పైగా సముద్రములలో బ్రదుకుచున్నది.

గొడుగువంటి దేహమును ముడుచుచు విప్పుచు, నీటిని వెనుకకు నెట్టి అది ముందునకు సాగును. గొడుగు అంచున వ్రేలాడు తంతువులే దానికి చేతులు, వల, ఆయుధము. ఒక్కొక్క తంతువునందు కంటికి కానరాని విషపు తిత్తులు వేలకొలదిగా నుండును. ప్రతి తిత్తిలోను నూలుపోగువంటి ముల్లు చుట్టచుట్టుకొని దాగియుండును. ఏదేని తగిలినంతనే తిత్తి మూత విచ్చుకొని, ఱెప్పపాటులో నూఱవ వంతు కాలమునకే ముల్లు దూసుకొనిపోవును. ఇందుకు మెదడు ఆజ్ఞ యీయవలసిన పని లేదు. మెదడే లేదు గదా! అందుచేతనే చచ్చి యొడ్డున పడిన జెల్లీ చేపయు కుట్టగలదు. పెద్దల కేకలో సత్యము లేకపోలేదు.

ఒడ్డున కనబడునవి సాధారణముగా పళ్లెమంత యుండును. ఉత్తర అట్లాంటిక్ యొక్క చల్లని నీళ్లలో 'సింహజటాజెల్లీ' యనదగినది యొకటి కలదు. ఎఱుపు పసుపు కలిసిన దాని తంతువులు సింహపు జూలువలె నుండుటచే ఆంగ్లేయులు దానికి ఆ పేరే పెట్టిరి. అమెరికాలోని మాసచూసెట్స్ తీరమున కనబడిన ఒక జెల్లీ గొడుగు 7 అడుగులకు పైగా వెడల్పుండెననియు, తంతువులు 120 అడుగులకు పైగా పొడవుండెననియు ఎలిజబెత్ అగాసీ, ఆమె సవతికుమారుడు అలెగ్జాండర్ అగాసీ 1865లో ప్రకటించిన గ్రంథమున వ్రాసిరి. నీలితిమింగిలము పొడవు 100 అడుగులు. జంతువులన్నిటిలో బరువైన దానినే ఈ నీటిముద్ద పొడవున మించినదన్నమాట.

భూమి మీద ఇట్టిది సాధ్యము కాదు. ఏనుగు తన బరువును తానే మోయవలెను గనుక దానికి స్తంభములవంటి కాళ్లు కావలసివచ్చినవి. సముద్రములో ఆ బరువును నీరే మోయును. ఎముక లేనిదానికిని అచ్చట పెరుగుట కడ్డు లేదు. ఇసుక మీద క్రుంగిపోయిన ముద్దయే నీటిలో నున్నప్పుడు పూవువలె విచ్చుకొనియుండెను.

జెల్లీ నీటిపైకి తేలివచ్చును గనుక కొలువగలిగిరి. పైకి రానివాటి మాట వేఱు. నార్వే నావికులు 'క్రాకెన్' అను మహాభూతమును గూర్చి చెప్పుకొనెడివారు. అది చేతులు చాచి ఓడలను చుట్టివేయునట! చదువుకొన్నవారు నవ్విరి. అయితే 1853లో డెన్మార్కు తీరమునకు ఒక మహాజంతువు కొట్టుకొనివచ్చెను. బెస్తలు దానిని కోసి గాలములకు ఎఱగా వాడుకొనిరి. మిగిలిన ముక్కు మాత్రము స్టీన్‌స్ట్రప్ అను పండితునకు చిక్కెను. చిలుకముక్కువంటి ఆ యొక్క యంగమును బట్టి, ఇది పది బాహువులు గల 'స్క్విడ్' జాతిలో అతికాయమని నిశ్చయించి, 1857లో ఆయన దానికి 'ఆర్కిట్యూథిస్' అని పేరుపెట్టెను. స్క్విడ్డును చేప కాదు. అది నత్తలకు దాయాది.

1861లో కెనరీ దీవుల యొద్ద 'అలెక్టన్' అను ఫ్రెంచి యుద్ధనౌక అట్టిదానినే చూచెను. ఉచ్చువేసి లాగగా త్రాడు మెత్తని దేహమును కోసివేసెను, తోకముక్క మాత్రమే దక్కెను. ఆ వృత్తాంతము పారిస్ చేరినప్పుడు పండితులలో కొందఱు నమ్మరైరి. ప్రకృతి నియమములకు విరుద్ధమైన జంతువు ఉండజాలదని వారి వాదము. సముద్రము మీద బ్రదుకు గడుపువాని కన్నులకంటె గదిలో కూర్చున్నవాని తర్కమునకు విలువ యెక్కువైన కాలమది. ఆ కాలము పూర్తిగా గడిచినదని చెప్పుటయు కష్టమే.

1873 అక్టోబరులో న్యూఫౌండ్‌లాండ్ దీవి వద్ద, కన్సెప్షన్ అఖాతములో, థియోఫిలస్ పికాట్, డేనియల్ స్క్వైర్స్ అను బెస్తలు చిన్న పడవలో పోవుచుండిరి. నీటి మీద ఏదో పెద్ద రాశి తేలుచుండెను. విఱిగిన ఓడ శకలమనుకొని పడవకొక్కెముతో పొడిచిరి. శకలము కదలెను! దాని ముక్కు పడవ అంచును కొట్టెను, బాహువులు పడవను చుట్టుకొనెను. పడవ ఒరిగి నీరు లోనికి వచ్చుచుండెను. ఆ పడవలో 12 సంవత్సరముల టామ్ పికాట్ కూడ నుండెననియు, పెద్దలు నిశ్చేష్టులై చూచుచుండగా వాడే గొడ్డలి యెత్తి రెండు బాహువులను నఱికెననియు తరువాత కథ వెలసినది. తొలుత వ్రాసిన వృత్తాంతములో ఆ బాలుని ప్రసక్తి లేదు. బాలుడు నఱికెనో పెద్దలు నఱికిరో గాని, బాహువు తెగుట మాత్రము నిజము. గాయపడిన జంతువు సిరావంటి నల్లని ద్రవమును చిమ్మి, ఆ చీకటిలో మాయమాయెను.

ఒడ్డు చేరిన తరువాత పొట్టి బాహువును కుక్కలు తినివేసినవి. పొడుగుపాటిది సెయింట్ జాన్స్ పట్టణమునకు చేరెను. అచ్చట మోజెస్ హార్వే అను క్రైస్తవాచార్యుడుండెను. ఐర్లండులో పుట్టి, మతబోధ వృత్తిగాను, ప్రకృతిశాస్త్రము వ్యసనముగాను గలవాడు. కొలిచి చూడగా ఆ బాహుఖండము 19 అడుగులుండెను. అదియైనను మొత్తము బాహువు కాదు. మొదలు జంతువుతోనే మిగిలిపోయినది. లోకము నవ్విన కథకు సాక్ష్యము ఆయన చేతికి చిక్కినది.

కొన్ని వారములు గడిచెనో లేదో, లోగీ అఖాతమున హెర్రింగ్ చేపలకై వేసిన వలలో ఇంచుమించు సంపూర్ణమైన జంతువే చిక్కుకొనెను. బెస్తలు దానితో పెనుగులాడి చంపిరి. హార్వే 10 డాలర్లిచ్చి దానిని కొని, ఇంటికి తెప్పించి, స్నానపుతొట్టి పైనున్న కఱ్ఱకు దాని శిరస్సును బాహువులను వ్రేలాడవేసి ఛాయాచిత్రము తీయించెను. స్నానపు గదిలో ఆరవేసిన ఆ పది బాహువుల బొమ్మను చూచిన పిదప క్రాకెన్ అబద్ధమనుటకు నోరు రాలేదు. దానిని వర్ణించిన విద్వాంసులు కొంతకాలము దానికి హార్వే పేరు పెట్టి పిలిచిరి. అది న్యాయమే. కాని పడవ మునుగుచుండగా గొడ్డలి పట్టినవాని పేరును, వల లాగినవారి పేళ్లను పెట్టవలెనని ఎవరికిని తోచినట్లు లేదు.

ఆ తరువాత చచ్చినవియు, చచ్చుచున్నవియు అనేకము ఒడ్డునకు వచ్చినవి. పెద్ద ఆడుది 40 అడుగుల పొడవునకు ఎదుగుననియు, కన్ను భోజనపు పళ్లెమంత యుండుననియు తేలెను. అయినను లోతులలో సజీవముగా దానిని చూచినవారు లేరు. తుదకు 2004 సెప్టెంబరులో జపానుకు చెందిన త్సునెమి కుబొడెరా, క్యోయిచి మోరి అనువారు ఒగసవారా దీవుల వద్ద 900 మీటర్ల లోతునకు ఎఱను, కెమెరాను దింపిరి. స్క్విడ్డులను తిను తిమింగిలములు ఎచ్చట మునుగునో అచ్చటనే వెదకుట వారి యుక్తి. అతికాయము వచ్చి ఎఱను పట్టెను. బాహువు కొక్కెమునకు తగుల్కొనెను. 4 గంటలకు పైగా అది గింజుకొనగా కెమెరా 500కు పైగా చిత్రములు తీసినది. కడకు బాహువు తెగి జంతువు పోయినది. పైకి వచ్చిన ఖండము 18 అడుగులు. కన్సెప్షన్ అఖాతము నాటినుండి 131 సంవత్సరములు గడిచినను మనుష్యుని చేతికి మరల ఒక బాహువే దక్కెను.

ఎడిత్ విడ్డర్ అను అమెరికా శాస్త్రవేత్త మఱియొక విధముగ నాలోచించెను. చీకటిలో బ్రదుకు జంతువు ముందునకు పెద్ద దీపములతో, యంత్రముల రొదతో పోయిన అది పాఱిపోవదా? ఆ లోతులలో 'అటొల్లా' యను జెల్లీ కలదు. శత్రువు పట్టుకొన్నప్పుడు దాని గొడుగు చుట్టును నీలికాంతి గిరగిర తిరుగును. దొంగను చూచిన ఇల్లాలు వీధివారిని కేకవేసినట్లు, తన్ను పట్టినదానిని తిను మఱియొక పెద్ద జంతువును అది పిలుచునని ఆమె యూహ. ఆమె విద్యుద్దీపములతో కృత్రిమమైన జెల్లీని చేయించి, సముద్రజీవులకు కానరాని ఎఱ్ఱని వెలుగుతో కెమెరా నమర్చి, 2012లో ఒగసవారా వద్దనే నిశ్శబ్దముగ దింపించెను. అతికాయము వచ్చినది. ఆ యాత్రలోనే కుబొడెరా జలాంతర్గామిలో దిగి, అంతకాలము వెదకిన జంతువును కన్నులార చూచెను. లోకమునకు భయము గొలిపిన అతికాయమును వెలికిరప్పించినది మెదడైనను లేని జెల్లీ చేప, అందును నకిలీది.

2019 జూన్ నెలలో మెక్సికో సింధుశాఖలో మరల అట్టి దీపమునే 750 మీటర్లకు పైగా లోతునకు దింపిరి. చీకటిలోనుండి 10 అడుగులకు మించిన స్క్విడ్ యొకటి నిదానముగ వచ్చి, బాహువులు విప్పి దీపమును తడవి చూచి, తినదగినది కాదని గ్రహించి కాబోలు, వచ్చిన చీకటిలోనికే మరలిపోయెను. ఓడలో నున్నవారు ఆ చిత్రమును చూచి సంతోషించుచుండగానే మబ్బులు క్రమ్మి ఓడ మీద పిడుగు పడినది. గోపురము మీది తీగలు కాలిపోయినవి. అందఱును తమ ప్రాణముల మాట మఱచి, చిత్రము దాచిన కంప్యూటరు దగ్గఱకు పరుగెత్తిరి. అది చెక్కుచెదరక యుండెను.