ఐదు నక్షత్రములు

పల్లెలలో వీధినాటకము జరుగు రాత్రి, భీమ దుర్యోధనుల గదాయుద్ధ ఘట్టము వచ్చునప్పటికి, నిదురించుచున్న పిల్లలను తల్లులు తట్టి లేపుదురు. దుర్యోధనుడు తొడ విరిగి పడునని చూచువారందఱికిని తెలియును. ఆ వేషము కట్టినవాడు మఱునాటి ఉదయమున లేచి తన పనికి తాను పోవుననియు తెలియును. అయినను గద పైకి లేచిన క్షణమున ఊరంతయు ఊపిరి బిగబట్టును. గెలిచినవాడెవడను ప్రశ్న తీరిపోయినను, ఎట్లు పోరాడిరను ప్రశ్న మిగిలియే యుండును.

ఈ రెండవ ప్రశ్న మీదనే ఆధారపడియున్న వినోదము అమెరికా, జపాను మొదలగు దేశములలో ఒకటి కలదు. దానిని ప్రొఫెషనల్ రెజ్లింగ్, అనగా వృత్తి మల్లయుద్ధము, అందురు. అందులో ఎవరు గెలువవలెనో మల్లులు గోదాలోనికి దిగుటకు ముందే నిర్ణయమైయుండును. ఈ సంగతిని ఆ వృత్తివారు చిరకాలము రహస్యముగా దాచిరి. ఫ్రెంచి రచయిత రోలాఁ బార్త్ 1957లో వెలువడిన తన గ్రంథమునందు, ఇది క్రీడ కాదనియు, ఒక విధమైన ప్రదర్శనయనియు విశదీకరించెను. తుదకు 1989లో అమెరికాలోని ఒక పెద్ద మల్లయుద్ధ సంస్థయే న్యూజెర్సీ రాష్ట్ర సెనేటు ముందు తమది వినోదమే యని ఒప్పుకొనెను. క్రీడలకు వర్తించు ప్రభుత్వ నియమములను తప్పించుకొనుట దాని ఉద్దేశము.

ఫలితము ముందే నిర్ణయమైనదన్నంత మాత్రమున పోరంతయు బూటకమని తలంపరాదు. గోదా క్రింద ఉక్కు దూలములు, వానిపై చెక్క పలకలు, వానిపై పలుచని మెత్త, దానిపై గుడ్డ పఱచబడియుండును. దానిపై పడిన దేహమునకు నొప్పి తెలియకుండ చేయు ఉపాయమేదియు లేదు. కావున మల్లుడు మొట్టమొదట నేర్చెడి విద్య పడుట. గడ్డమును ఱొమ్మునకు ఆనించి తలను కాచుకొనవలెను. వీపంతయు ఒక్కసారిగా నేలకు తాకునట్లు పడవలెను. చేతులను చాపి నేలను చఱచి, దెబ్బను దేహమంతటికిని పంచవలెను. పడవేయువాడు ఎదిరిని ఎత్తునపుడు అతని తలను, మెడను తన బాధ్యతగా భావింపవలెను. శత్రువులవలె కనబడు ఇద్దఱు మనుష్యులు నిజమునకు ఒకరి ప్రాణము నొకరి చేతిలో పెట్టి ఆడెడి ఆట యిది.

గెలుపోటములు లెక్కలోనికి రాని పోటీని దేనితో కొలుచుట? ఈ చిక్కును తీర్చుటకే అభిమానులు నక్షత్రముల పద్ధతిని చేపట్టిరి. 1980లలో డేవ్ మెల్ట్‌జర్ అను అమెరికా రచయిత ‘రెజ్లింగ్ అబ్జర్వర్’ అను వార్తాలేఖను నడపుచు ఈ పద్ధతికి వ్యాప్తి కలిగించెను. దీనిని కనిపెట్టినది ఆయన కాకపోయినను, దీనితో ఆయన పేరే ముడిపడిపోయెను. సామాన్యమైన పోటీకి రెండు నక్షత్రములు, మంచిదానికి నాలుగు, మఱపురానిదానికి ఐదు. నక్షత్రమును పావులుగా విభజించి ఇచ్చుటయు కలదు. టైగర్ మాస్క్ అను ముసుగు ధరించిన జపాను మల్లునకును, డైనమైట్ కిడ్ అను ఆంగ్లేయ మల్లునకును 1983లో టోక్యోలో జరిగిన పోటీకి ఐదు నక్షత్రములు లభించెను. ఆ పోటీలను టెలివిజనులో పట్టిన వీడియో టేపులు తపాలా ద్వారా చేతులు మాఱుచు సముద్రములు దాటెను.

ఫిలడెల్ఫియా నగరమున అట్టి టేపులను చూచి పెరిగిన అభిమాని యొకడు ఉండెను. పగలు అతడొక గిడ్డంగిలో సరకులు సర్దెడివాడు. రాత్రి టెలివిజను ముందు కూర్చుండి, ఒడిలో నోటుపుస్తకము పెట్టుకొని, చూచిన ప్రతి పోటీని గూర్చియు వ్రాసెడివాడు. పెద్ద సంస్థల ఆడంబరమైన ప్రదర్శనలపై అతనికి మక్కువ తక్కువ. 2002 ఫిబ్రవరిలో అతని నగరముననే ‘రింగ్ ఆఫ్ ఆనర్’ అను చిన్న స్వతంత్ర సంస్థ తన మొదటి ప్రదర్శన జరిపెను. అందు మల్లులు పోటీకి ముందును, పిదపను కరచాలనము చేయవలెనను నియమముండెను. బాణసంచా లేదు, పెద్ద వేదికలు లేవు, పట్టును, పట్టునకు ప్రతిపట్టును మాత్రమే ఉండెను. అభిమాని దానికి దాసుడయ్యెను. 2009 మార్చి నుండి ఆ పోటీలు హెచ్‌డీనెట్ అను టెలివిజను ఛానెలులో వారము వారము ప్రసారము కాజొచ్చినపుడు అతడు ఒక్క వారమైనను తప్పింపలేదు.

అతని సమీక్షలు అల్లాటప్పావి కావు. ఒక మల్లుడు పోటీ మొదటి భాగమున ఎడమ మోకాలికి దెబ్బ తగిలినట్లు కుంటెననుకొందము. చివర అదే కాలిపై గుఱ్ఱమువలె పరుగెత్తినచో అభిమాని నిర్దాక్షిణ్యముగా అర నక్షత్రము తగ్గించెడివాడు. “తన మోకాలిని తానే మఱచిన నటుని ప్రేక్షకుడేల నమ్మవలెను?” అని ప్రక్కన వ్రాసెడివాడు. తనకు మిక్కిలి ఇష్టమైన మల్లుడు అలసత్వము చూపిన దినమున ఆ మాటయు దాచలేదు. అభిమానము గలవాడే నిజము చెప్పవలెనని అతని నమ్మకము.

కాని ఆ పుస్తకములో ఒక దోషము పెరుగుచుండెను. అది వ్రాయువానికి కనబడలేదు. ఎవడైన మల్లుడు వీపుపై గాక మెడపై పడినపుడు, తల నేలకు తగిలిన చప్పుడు టెలివిజనులో వినబడినపుడు, అతని కలము ఉప్పొంగెడిది. అట్టి పతనమునకు పావో, అరయో నక్షత్రము పెరిగెడిది. మామూలుగా పడినవారి పోటీ ఎంత నేర్పుగా సాగినను, “సాహసము చాలదు” అని వ్రాసెడివాడు. అతడొక్కడే గాదు, వేలకొలది అభిమానులు ఇట్లే చూచుచు, ఇట్లే కేకలు వేయుచుండిరి.

ఆ అభిమానికి ఆరాధ్యుడు జపానుకు చెందిన మిత్సుహారు మిసావా. ఆయన పోటీలలో 20కి పైగా ఐదు నక్షత్రములు పొందినవి. 2000 సంవత్సరమున ఆయన ‘ప్రో రెజ్లింగ్ నోవా’ అను సంస్థను స్థాపించి దానికి అధ్యక్షుడయ్యెను. 2007 నవంబరులో రింగ్ ఆఫ్ ఆనర్ వారి ఆహ్వానముపై ఆయన న్యూయార్కు వచ్చి, కెంటా అను యువ మల్లునితో పోరాడెను. అభిమాని రైలెక్కి పోయి ఆ పోటీని కన్నులార చూచెను. మిసావా నడకలో అలసట కనబడెను. మెడ కదలిక బిగుసుకొనియుండెను. అయినను అభిమాని పుస్తకములో వ్రాసినది వేఱు: “మునుపటి వేగము లేదు.”

2009 మార్చిలో జపానులో నిప్పాన్ టెలివిజను నోవా పోటీల ప్రసారమును నిలిపివేసెను. సంస్థకు కష్టకాలము వచ్చెను. మెడనొప్పి చాలకాలముగా బాధించుచున్నను అధ్యక్షుడైన మిసావా గోదా దిగుట మానలేదు. 2009 జూన్ 13వ తేదీన హిరోషిమా నగరమున జరిగిన జంట పోటీలో ప్రత్యర్థి ఆయనను వెనుకకు ఎత్తి వేసెను. అది అరుదైన విసురు కాదు. అట్టి పతనములను ఆయన తన జీవితమున లెక్కకు మిక్కిలిగా భరించియుండెను. ఆ దినమున మాత్రము మరల లేవలేదు. మధ్యవర్తి పోటీని ఆపెను. ఆయనను వైద్యశాలకు కొనిపోయిరి. మెడలోని వెన్నుపాము దెబ్బతినుటచే ఆ రాత్రియే ఆయన కన్ను మూసెను. మఱి ఐదు దినములు గడచినచో ఆయనకు 47 సంవత్సరములు నిండియుండెడివి.

వార్త తెలిసిన దినమున అభిమాని తన పాత పుస్తకములను బల్లపై పఱచెను. మిసావా పోటీలను గూర్చి వ్రాసిన పుటలను ఒక్కొక్కటే తిరుగవేసెను. తాను నక్షత్రములు పెంచిన తావులన్నియు ఆ మెడ నేలకు తగిలిన తావులే. అతడు ఆ పుటలను చదువుచు చాలసేపు కదలక కూర్చుండెను.

పిదప డైనమైట్ కిడ్‌ను గూర్చిన పుట వచ్చెను. ఆ మల్లుని వేగమును, ఎత్తునుండి తలముందుగా దూకు తెగువను అతడు బాల్యమున కొనియాడినవాడే. అదే మల్లుడు 1986లో వీపునకు తీవ్రమైన గాయము తగిలి శస్త్రచికిత్స పొందెను. నలువది యేండ్లు నిండకమునుపే కాలు చచ్చుబడి చక్రముల కుర్చీకి పరిమితుడయ్యెను. అతడు సరిగా తన 60వ జన్మదినమున, 2018లో మరణించెను. రింగ్ ఆఫ్ ఆనర్ మొదటి ప్రదర్శనలోనే పోరాడిన బ్రయన్ డేనియల్‌సన్ పిమ్మట జగత్ప్రసిద్ధుడై, తలకు పదే పదే తగిలిన దెబ్బల కారణముగా 2016లో విరమణ ప్రకటింపవలసివచ్చెను. రెండు సంవత్సరముల పిదప వైద్యులు అనుమతించిన మీదటనే అతడు మరల గోదా దిగెను. ఏండ్లు గడచుకొలది అభిమాని ఈ సంగతులను గూడ ఆయా పుటల అంచులయందు చేర్చుచు వచ్చెను.

మిసావా మరణమునకు ప్రేక్షకుడు కారకుడని చెప్పుట న్యాయము కాదు. ఆయన తన వృత్తిని తెలిసి వరించినవాడు. కాని మల్లుడు గోదాలో చెవియొగ్గి వినునది ప్రేక్షకుల సవ్వడినే. ఏ దెబ్బకు జనము లేచి నిలుచుందురో ఆ దెబ్బను మరల కొట్టును. ఏ పతనమునకు కేకలు వేయుదురో అంతకంటె భయంకరముగా మరల పడును. నిరుడు మెచ్చుకొన్నది ఈ యేడు చాలదు. ఈ విధముగా చప్పట్లు కోరికయై, కోరిక ఆజ్ఞయై పరిణమించును. టెలివిజను ముందు ఒంటరిగా కూర్చున్న సమీక్షకుని నక్షత్రము కూడ ఆ ఆజ్ఞలో ఒక అక్షరమే.

అభిమాని చూచుట మానునేమో యని అతని మిత్రులు తలచిరి. అతడు మానలేదు. ఒకనాటి రాత్రి తాను అన్నిటికంటె గొప్పదిగా ఎంచిన పోటీని మరల పెట్టెను. అది 1994 జూన్ 3వ తేదీన టోక్యోలోని నిప్పాన్ బుడోకాన్ మందిరమున మిసావాకును తోషియాకీ కవాడాకును జరిగినది. ఇరువురును ఒకే ఉన్నత పాఠశాలలో కుస్తీ నేర్చినవారు. కవాడా ఒక తరగతి చిన్నవాడు. అన్నవంటి సహపాఠిని మించవలెనను తమ్ముని తపనగా ఆ పోరు అరగంటకు పైగా సాగును. తుదకు మిసావా ఎదిరి చేతులు రెండును బిగియబట్టి, పైకెత్తి, మెడ మీద పడవేయును. చేతులు బంధింపబడుటచే పడువాడు తన్ను తాను కాచుకొనలేడు. ఆ పట్టును చూచియే అభిమాని ఒకప్పుడు ఐదవ నక్షత్రము నిచ్చెను.

ఈ పర్యాయము అతడు చూచిన చూపు వేఱు. ఇరువురును ఒకరినొకరు ఎట్లు ఎత్తిరి, ఎట్లు దించిరి, మోకాలి నొప్పి తుదివఱకు ఎట్లు గుర్తుంచుకొనిరి, ఒక్క మోచేతి దెబ్బకు ముందు ఎంత నిశ్శబ్దమును పెంచిరి యను విషయములను గమనించెను. ఐదు నక్షత్రములకు తగినదంతయు ఆ చివరి పట్టునకు ముందే జరిగిపోయినట్లు అతనికి తోచెను. పాత అంకెను కొట్టివేయుటకు మనస్సు రాలేదు. అట్లే ఉంచుటకును మనస్సు ఒప్పలేదు. తుదకు దాని క్రింద ఇట్లు వ్రాసెను: “ఈ పోటీకి ఆ చివరి పట్టు అవసరము లేకుండెను. అవసరమని అనుకొన్నవాడను నేను.”

అప్పటినుండి అతని కొలమానము మాఱెను. విసరువాని బలము కంటె, విసరునపుడు ఎదిరి తల వెనుక నిలిచిన అతని అఱచేతిని ముందుగా చూచును. ప్రమాదము లేకుండ ప్రమాదమును నమ్మించిన మల్లునకు నక్షత్రము పెంచును. నిజముగా మెడపై పడవేసిన దానిని ఎంతమంది మెచ్చినను తగ్గించును. మధ్యవర్తి రెండు చేతులను తలపై అడ్డముగా చేర్చి, నిజమైన గాయము తగిలినదని సంజ్ఞ చేసిన పోటీకి అంకెయే వేయడు.

ప్రతి సమీక్షకును ఇప్పుడు చివర ఒక వాక్యము చేరును. పోటీ ముగిసినను అతడు వెంటనే కలము ముట్టడు. మల్లులు కరచాలనము చేయువఱకు, గోదా దిగి తెరచాటునకు పోవువఱకు టెలివిజను వంక చూచుచుండును. ఆ పిదపనే నక్షత్రములకంటె ముందుగా ఆ వాక్యము వ్రాయును: “ఇరువురును తమ కాళ్లమీద తాము నడచిపోయిరి.”