కర్రలు కనబడే ఫోటో

మా పెళ్ళి 1994లో జరిగింది. ఆల్బమ్‌లో ఎక్కడ వెదికినా మా చంక కర్రలు కనబడవు. ఫోటోగ్రాఫరు మంచివాడే. "అన్నయ్యా, కర్రలు పడితే ఫోటో అందం పోతుంది" అంటూ ప్రతిసారీ వాటిని తెర వెనక పెట్టించి, మమ్మల్ని కుర్చీల్లో కూర్చోబెట్టాడు. చూసినవాళ్ళు "మీకేమీ లేనట్టే ఉన్నారు" అంటే మేమూ మురిసిపోయాం.

మా ఇద్దరికీ పసితనంలోనే పోలియో వచ్చింది. పెళ్ళయిన కొన్నాళ్ళకు వికలాంగుల ధ్రువపత్రం కోసం మరో ఫోటో కావలసి వచ్చింది. "కాలు కనబడాలి, లేకపోతే దరఖాస్తు తిప్పి పంపుతారు" అన్నారు. స్టూడియోలో బట్ట మోకాలిపైకి జరిపి, సన్నబడిన కాలు కనబడేలా నిలబడ్డాం. ఆ రాత్రి మాలో ఒకరు అన్నం ముట్టలేదు. 2017 నిబంధనల్లోని ధ్రువపత్రానికైతే ముఖం మాత్రమే కనబడే ఫోటో చాలు.

ఒక ఫోటోలో కాళ్ళు దాచారు, ఇంకొకదానిలో కాళ్ళే చూపించారు. మేము రోజూ బ్రతికే బ్రతుకు రెండింటిలోనూ లేదు.

2019లో మా అమ్మాయి తన మొదటి జీతంతో ఫోను కొనిచ్చింది. ఇంగ్లాండులో జో స్పెన్స్ అనే ఫోటోగ్రాఫర్ ఉండేవారట. 1982లో క్యాన్సర్ అని తెలిశాక, తన శరీరానికి ఏమవుతోందో తానే ఫోటోలు తీసుకున్నారట. ఆమె 1992లో చనిపోయారు. ఆ సంగతి చెప్పి, "ఎవరో తీయడమెందుకు నాన్నా? మీరూ అమ్మా మీకు మీరే తీసుకోండి" అంది.

నెలకొక ఫోటో అనుకున్నాం. బల్లమీద బియ్యం డబ్బాకు ఫోను ఆనించి, పది సెకన్ల టైమర్ పెట్టి, కర్రలందుకుని కుర్చీ దాకా వెళ్ళేలోగా ఫోటో పడిపోయేది! ఒకరు కుర్చీలో నవ్వుతూ, ఇంకొకరు సగం దారిలో, వీపు ఇటు తిప్పి. తీసేద్దామనుకున్నాం. తీరా చూస్తే, వెనకనుంచి మా నడక ఎలా ఉంటుందో మేము చూడడం అదే మొదటిసారి. ఉంచేశాం.

కాలిపర్ పట్టీలు బిగించుకోవడం, పీటమీద కూర్చుని కూర తరగడం, గుమ్మం దాటడం, అన్నీ తీశాం. కొన్ని నెలలు ఓపికలేక వదిలేశాం. కాలిపర్ ఒరుసుకుని పుండుపడిన ఫోటో ఒకటుంది. అది ఎవరికీ చూపించం. చూపకపోవడం కూడా మా ఇష్టమే కదా!

రెండేళ్ళ ఫోటోలు వరసగా చూస్తే, మాలో ఒకరి భుజం క్రమంగా వంగుతున్నట్టు కనబడింది. డాక్టరుకు చూపించాం. పోలియో వచ్చిన ఎన్నో ఏళ్ళ తర్వాత కండరాల్లో కొత్తగా బలహీనత రావచ్చని, దాన్ని పోస్ట్ పోలియో అంటారని చెప్పారు. పని మధ్యమధ్య విశ్రాంతి తీసుకోమన్నారు. మేము నోటితో చెప్పలేనిది ఫోటోలు చెప్పాయి.

మన దేశంలో సహజ పోలియో వైరస్ వల్ల వచ్చిన చివరి కేసు 2011 జనవరిలో నమోదైంది. మాలాంటి కాళ్ళు ఇక మనవలు చూడకపోవచ్చు. చూడకూడదు కూడా. అయినా మేము ఎలా బ్రతికామో వాళ్ళకు తెలియాలి.

2023లో అమ్మాయి పెళ్ళి. వేదికమీద ఫోటోగ్రాఫరు కుర్రాడి చెయ్యి మళ్ళీ మా కర్రలమీదికి వెళ్ళింది. "అంకుల్, ఇవి పక్కన పెడదామా?" అన్నాడు. పెళ్ళికొడుకు తరపువాళ్ళంతా చూస్తున్నారు. మాకు గుండె దడదడలాడింది. "వద్దు బాబూ, ఉండనివ్వు" అన్నాం. పైట సర్దుకుంటుంటే ఒక కర్ర జారింది. వియ్యపురాలు వంగి అందుకుని, అలాగే పట్టుకుని పక్కన నిలబడ్డారు. ఆ ఫోటోయే ఇప్పుడు మా గోడమీద ఉంది.

చదువరులారా, మీ ఇంట్లో ఫోటో తీసేటప్పుడు ఎవరి కర్రో, చక్రాల కుర్చీయో పక్కకు జరిపేముందు వాళ్ళనొక్కమాట అడగండి. వీలైతే ఫోను వాళ్ళ చేతికే ఇవ్వండి.