ఎద్దుకు కూడా ఆదివారం

క్రిస్మస్ వచ్చిందంటే మా తండా చర్చిలో పశువుల పాక కడ్తం. వెదురు బొంగులు, వరిగడ్డి, అట్టముక్కలతో చేసిన ఎద్దు, గాడిద. అయితే బైబిలు తీసి చూస్తే ఒక వింత. లూకా సువార్తలో బాలయేసును పశువుల తొట్టిలో పండబెట్టినట్టు ఉన్నది గాని, పక్కన ఎద్దు, గాడిద ఉన్నట్టు ఎక్కడా లేదు. యెషయా గ్రంథం మొదటి అధ్యాయంలో ఎద్దు, గాడిద, తొట్టి మూడూ కలిసి వస్తాయి. అక్కడి నుంచి పెద్దలు వాటిని ఇక్కడికి తోలుకొచ్చినారు. 1223లో ఇటలీలోని గ్రెచ్చో అనే ఊరిలో అస్సీసీ ఫ్రాన్సిస్ గారు నిజం ఎద్దునే, నిజం గాడిదనే తెప్పించి, తొట్టిలో గడ్డి వేయించి క్రిస్మస్ జరిపినారు.

పశువుల మీద దయ అంటే కుక్కపిల్లను ముద్దు చేయడం, పిచ్చుకలకు నూకలు చల్లడం అనుకుంటం. మంచిదే, కాని దానికి మనకు ఖర్చేమీ లేదు. ఖర్చయ్యే దయ నేను మా ఇంట్లోనే చూసిన.

మా బాపు ఆదివారం నాగలి కట్టడు. ఒక ఏడు మిరుగం పోయి చాలా దినాలైనా వాన లేదు. చివరికి ఒక శనివారం రాత్రి మంచి వాన కొట్టింది. తెల్లారితే తండా మొత్తం చెల్కల్లో ఉన్నది. మా యాడి మక్క ఇత్తనాలు మూట గట్టుకొని వాకిట్లో నిలబడి, "వాన ఆదివారమని సూసి పడ్తదా? అదును పోతే మల్ల వస్తదా?" అని గట్టిగనే అడిగింది. బాపు ఎద్దులకు నీళ్లు పెట్టి, "వాటికి గూడ ఆదివారమే" అని చర్చికి పోయిండు.

సోమవారం ఇత్తనం పెట్టినం. ఆ వెంటనే దేవుడు ఇంకో వాన పంపిండని రాస్తే కథ బాగుండును. కాని పంపలేదు. మొలక పలచగ వచ్చింది. మా యాడి ఆ మాట ఇప్పటికీ ఎత్తుతది.

తర్వాత నేను నిర్గమకాండం 23వ అధ్యాయం చదివిన. ఏడవ దినం పని మానమని చెప్పి, ఎందుకు మానాలో కూడా అక్కడ చెప్పినారు. ముందు ఎద్దు, గాడిద పేర్లే వస్తాయి, తర్వాత దాసి కొడుకు, పరదేశి. అడగడానికి నోరు లేనివాళ్ల కోసమే ఆ సెలవు అని నాకనిపించింది. అయితే మా యాడి పక్షాన కూడా వాక్యం ఉన్నది. ఆకలైన శిష్యులు విశ్రాంతి దినాన వెన్నులు తుంచుకుంటే యేసు వాళ్లనే వెనకేసుకొచ్చినాడు. నేను బాపు దిక్కే. కాని ఆ ఏడు మక్కలు తక్కువైనయి, సొప్ప కూడా తక్కువైంది. అంటే ఎద్దులకు కూడా మేత తగ్గింది. ఈ లెక్క నాకు ఇంకా తెగలేదు.

ఇది క్రైస్తవుల సంగతే అనుకోకండి. ఆదిలాబాద్ దిక్కు గోండు తమ్ముళ్లను అడగండి, పొలాల అమాస నాడు ఎద్దుల మీద కాడి పెట్టరు, కడిగి, అలంకరించి, మొక్కుతరు. మన లంబాడీల తాతముత్తాతలైతే రైలు రాకముందు ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకొని దేశమంతా తిరిగినవాళ్లే.

ఇప్పుడు ట్రాక్టరు వచ్చింది. ఎద్దుకు ఏడు దినాలూ ఆదివారమే. పని లేని ఎద్దును మాత్రం ఎవరు మేపుతరు? మా జోడులో ఒకటి అమ్ముడుపోయింది. రెండోది ముసలిది. అంగడికి తోలుదామని యాడి, ఉండనీ అని బాపు. పోయిన సెలవుల్లో కూడా ఇదే ముచ్చట. ఫీజులు, పుస్తకాలు అనే మాట రాగానే బాపు లేచి బయటికి పోతడు.

మన హాస్టల్ సంగతి ఒకటి చెప్పి ఆపుతా. రోజూ బియ్యం కడిగిన నీళ్లు మోరీలోకి పోతున్నయి. ఎండాకాలం ఊరి బర్లు, ఆవులు మన గోడ పక్క నుంచే నాలుక సాపుకుంట పోతయి. గేటు బయట ఒక కుడితి గోలెం పెడితే చాలు. మిగిలిన అన్నం మాత్రం అందులో పోయొద్దు, ఎక్కువ తింటే పశువుకు కడుపు ఉబ్బి పానం మీదికి వస్తది. ప్లాస్టిక్ కవర్లు అసలే వద్దు. మా ఇంట్ల ఒక గోలెం ఖాళీగ ఉన్నది. వార్డెన్ సారు ఒప్పుకుంటే ఈసారి బాపు వచ్చినప్పుడు తెమ్మంటా. దాన్ని కడిగే వంతు వారానికొక రూము వాళ్లది, మొదటి వారం మా రూముది.