మా ఇంటామెకు సరిపోయే తుపాకి

మా తాత చెప్పులు కుట్టాడు. మా అయ్య చెప్పులు కుట్టాడు. నేను తుపాకులు బాగుచేశాను. చెప్పులు కుట్టినోడు ఊళ్ళోకి పోవాలంటే చెప్పులు విప్పి చేత పట్టుకోవాలి. తుపాకులు బాగుచేసినోడు పట్టాళం వదిలి ఊళ్ళోకి రావాలంటే వట్టి చేతుల్తో రావాలి. రెండు తరాల్లో మాకొచ్చిన మార్పు అది.

1976లో పట్టాళంలో చేరాను. సికింద్రాబాద్ ఇ.ఎం.ఇ. సెంటర్లో నేర్పించి ఆర్మరర్ పనిలో పెట్టారు. చెడిపోయిన తుపాకిని విప్పటం, తుడవటం, స్ప్రింగు మార్చటం, బట్టు చెక్క సరిచెయ్యటం. పదిహేడేళ్ళు ఇదే పని. పాత 303 తుపాకికి బట్లు వేరు వేరు కొలతల్లో వచ్చేవి. పొట్టివాడికి పొట్టి బట్టు, చేతులు పొడుగున్నవాడికి పొడుగు బట్టు. 7.62 ఎస్.ఎల్.ఆర్.కీ అంతే. తుపాకి మనిషికి కుదరాలి గాని మనిషి తుపాకికి కుదరడని మా ఉస్తాద్ అనేవాడు. మా అయ్య చెప్పు గురించి సరిగ్గా ఇదే మాట అనేవాడు. కామందుల పాదాలు ఈతాకుతో కొలిచి, ఆకు మీద గోటితో గీటు పెట్టుకుని, లందలో నానిన తోలు కోసేవాడు. కొలిచేటప్పుడు ఆ పాదాన్ని తాకటానికి మాత్రం లేదు.

1993లో రిటైరయ్యాను. పెన్షను చాలదు. పక్క టౌనులో ఒక బ్యాంకు గుమ్మం కాడ కాపలా ఉద్యోగం దొరికింది. చేతిలో బ్యాంకువాళ్ళ పన్నెండు బోరు రెండు గొట్టాల తుపాకి. డ్యూటీ దిగేటప్పుడు దాన్ని లోపల అప్పజెప్పి సంతకం పెట్టి సైకిలెక్కి ఇంటికి రావాలి. ఊరోళ్ళ డబ్బుకి నేను కాపలా. నా ఇంటికి కాపలా ఎవరు? ఆ ప్రశ్న 1995 దాకా నాకు రాలేదు.

ఆ ఏడు పంచాయితీ ఎన్నికలు. మా ఊరి ప్రెసిడెంటు సీటు ఎస్సీ ఆడవాళ్ళకొచ్చింది. పెద్దకామందు తన జీతగాడి పెళ్ళాన్ని నిలబెట్టాడు. పల్లె మా ఇంటామెను నిలబెట్టింది. ఎనిమిది చదివింది, మాట గట్టిది, కూలి కొలిచేకాడ కుంచం తిప్పి చూపించే మనిషి. గెలిచింది. మర్నాటి నుంచి పల్లెలో అందరికీ ప్రెసిడెంటమ్మ. ఊళ్ళో మాత్రం పాత పిలుపే, 'ఏమే'.

ఆమె మొదట ముట్టుకున్నది శ్మశానం. రికార్డులో ఎకరం ఇరవై సెంట్లు. మాకు మిగిలింది ముప్పై సెంట్లు. తొంభై సెంట్లలో పెద్దకామందు వరి పండిస్తున్నాడు. మా ముత్తాతల బొక్కల మీద నారు పోసి, ఆ నాట్లకి మమ్మల్నే కూలికి పిలిచేవాడు. 1996లో సర్వే చేయించాలని పంచాయితీలో తీర్మానం పెట్టించింది. రెండో నాటి రాత్రి మా పల్లె వెనక గట్టు మీద తుపాకి రెండుసార్లు పేలింది. పొద్దున అడగబోతే, "చేలో కొంగలు పడితే బెదిరించా, మీకేంట్రా నొప్పి" అన్నాడు. చీకట్లో కొంగలు చేలో పడవని పుట్టిన ప్రతి మాదిగబిడ్డకీ తెలుసు.

ఆ రోజుల్లోనే ఒక మీటింగులో ఒక వకీలు మాకు కాగితం చదివి వినిపించాడు. 1989 అత్యాచారాల నిరోధక చట్టం 1990 జనవరి 30 నుంచి అమల్లోకి వచ్చింది. దాని నిబంధనలు 1995 మార్చి 31న వచ్చినయ్. అందులో మూడో నిబంధన: దళితుల మీద దాడి జరగొచ్చని అనుకున్న చోట, అవసరమని తోస్తే, ప్రాణానికీ ఆస్తికీ రక్షణగా దళితులకు ఆయుధాల లైసెన్సులు ఇవ్వొచ్చు. నా చెవులు నిక్కినయ్. 1936లోనే అంబేద్కర్ రాశాడు, ఈ దేశంలో కిందికులాలు ఎందుకు తిరగబడలేదంటే వాళ్ళ చేతికి ఆయుధం అందనివ్వలేదని. ఆయన తండ్రి పట్టాళం మనిషి. 1941లో మహార్ రెజిమెంటు లేచిందాకా ఆ కులం పట్టాళం గుమ్మం కాడ ఎన్నిసార్లు నిలబడిందో, ఎన్నిసార్లు తోసెయ్యబడిందో ఆయనకి తెలుసు. అట్లాంటిది ప్రభుత్వమే కాగితం మీద రాసింది, ఇస్తామని.

ఇంటికొచ్చి చెప్పాను. "నీ పేరున లైసెన్సు పెడదామే" అన్నాను.

"నాకెందుకయ్యా? పట్టాళం మనిషివి నువ్వు. నువ్వు పెట్టుకో."

"నేను పగలు బ్యాంకు కాడ, వారం మార్చి వారం రాత్రుళ్ళు కూడా ఆడనే. ఎవరి లైసెన్సు వాళ్ళది. నా పేరున ఉన్న తుపాకి నువ్వు పేలిస్తే నేరం. ప్రెసిడెంటువి నువ్వు. ఆ రెండు పేలుళ్ళూ నీ కోసం."

ఇక ఏ తుపాకి అనేది నా పని. ఇందులో నాకు తెలిసినంత మా జిల్లాలో ఇంకెవరికీ తెలియదని నా ధీమా. 1959 ఆయుధాల చట్టం ప్రకారం 303, 7.62 మామూలు జనానికి ఇవ్వరు, అవి పట్టాళం తూటాలు. మాలాంటోళ్ళకు మిగిలేవి మూడు. ఇషాపూర్ ఫ్యాక్టరీ చేసే .315 రైఫిలు. పాయింట్ 22 రైఫిలు. పన్నెండు బోరు. చిన్న రివాల్వరు ధర మాకు అందేది కాదు.

.315 మీద నాకు మనసుపడింది. పాత 303 కి దాయాది లాంటిది, బోల్టు లాగి తూటా ఎక్కించాలి, మట్టిలో పడ్డా చెడదు, నేను నిద్రలో కూడా విప్పి బిగించగలను. పెద్దకామందు గోడ మీద ఉన్నది పన్నెండు బోరు. మా గోడ మీద రైఫిలు ఉంటే చూడాలని ఉండింది. ఆ మాట దాచుకోను.

కొలత తీశాను. మోచెయ్యి మడిచి, మోచేతి మడత కాణ్ణుంచి చూపుడువేలు మొదటి కణుపు దాకా కొలవాలి. ట్రిగ్గరు నుంచి బట్టు మడమ దాకా అంత ఉంటే భుజానికి కుదురుద్ది. మగవాళ్ళ లెక్కకి చేసే తుపాకులు పదమూడున్నర, పధ్నాలుగు అంగుళాలుంటయ్. మా అయ్య పెట్టెలో నుంచి ఈతాకు తీసి కొలిస్తే ఆమెకి పన్నెండూ పావు. అంటే బట్టు వెనక అంగుళం పైన కొయ్యాలి. కోస్తే తుపాకి బరువు తగ్గుద్ది, బరువు తగ్గితే తన్ను పెరుగుద్ది. ఆ మాట చెబితే నవ్వింది.

"తన్నులు నాకు కొత్తా?"

నేను నవ్వలేకపోయాను.

వేపచెక్కతో తుపాకి ఆకారం చెక్కి, కొలతకి కోసి, చేతికిచ్చాను. నాట్లేసిన నడుము, గడ్డిమోపులెత్తిన భుజం. చెక్క అట్టా అతుక్కుపోయింది. కన్ను చూశాను. రెండు కళ్ళూ తెరిచి దూరంగా దీపానికి వేలు గురిపెట్టమన్నాను, ఒక్కో కన్ను మూసి చూడమన్నాను. కుడికన్ను తెరిస్తే వేలు జరుగుతోంది, ఎడమకన్ను తెరిస్తే దీపం మీదే ఉంటోంది. ఎడమకన్ను మనిషి. కొడవలి పట్టేది కుడిచేత్తో. .315 బోల్టేమో కుడిపక్క. ఎడమ భుజం మీద పెట్టుకుంటే ప్రతి తూటాకీ చెయ్యి అడ్డంగా దాటించి లాగాలి. చీకట్లో, భయంలో, అది ఆలస్యం. రెండు గొట్టాల పన్నెండు బోరుకి ఆ బాధ లేదు, మధ్యకి విరిచి తూటా పెట్టటమే. ఏ భుజమైనా ఒకటే. కాని దాని తన్ను ఎక్కువ. పాయింట్ 22 కి తన్ను లేదు, దానితో మనిషిని ఆపటం నమ్మకం కాదు. ఇట్టా నేను వేళ్ళు మడుస్తుంటే ఆమె చెక్క తుపాకి తడిక మీద గురిపెట్టి అడిగింది.

"ఈ తూటా ఎంత దూరం పోద్ది?"

".315 అయితే మైలు దాటుద్ది."

"ఈ తడిక?"

"కాగితం కింద లెక్క."

"తడిక అవతల మా పిన్నమ్మ ఇల్లు. దాని అవతల లక్షమ్మత్త. ఆమె ఇంట్లో ఐదుగురు పిల్లలు చాప మీద పడుకుంటారు. మట్టిగోడ?"

"మట్టిగోడ కూడా దాటొచ్చు."

"పన్నెండు బోరు?"

"గుళ్ళు చెదురుతయ్. దగ్గర్నుంచి అయితే అదీ తడిక దాటుద్ది."

చెక్క కింద పెట్టింది. "మరి నేను ఎటు పేల్చాలయ్యా?"

పదిహేడేళ్ళలో నన్ను ఏ సుబేదారూ ఆ ప్రశ్న అడగలేదు. మా పల్లెలో ఇల్లుకీ ఇల్లుకీ మధ్య మూడడుగుల సందు. మూడు సెంట్లలో రెండు పొయ్యిలు. పెద్దకామందు ఇంటి చుట్టూ ప్రహరీ, ప్రహరీ చుట్టూ దొడ్డి, దొడ్డి చుట్టూ చేను. అతను ఎటు పేల్చినా తూటా అతని భూమిలోనే పడుద్ది. తుపాకికి చుట్టూ ఖాళీ కావాలి. ఖాళీ అంటే భూమి. లైసెన్సు కాగితం మీద ఆ షరతు రాసి ఉండదు గాని తుపాకి గొట్టం నిండా అదే ఉంది.

ఆమె ఇంకో మాట అంది. "కారంచేడులో తుపాకుల్తో చంపారా? చుండూరులో?" లేదు. 1985 జులై 17న కారంచేడులో గొడ్డళ్ళు, బరిసెలు. 1991 ఆగస్టు 6న చుండూరులో చంపి, గోతాల్లో కుక్కి కాలవలో వేశారు. వందల మంది కలిసి వచ్చారు. కారంచేడు చెరువు కాడ సువార్తమ్మ తన మీదికొచ్చినోడికి అడ్డం ఎత్తింది నీళ్ళకి తెచ్చుకున్న బిందె. బిందె ఎత్తినందుకే ఊరు ఊరంతా లేచింది. తుపాకి ఎత్తితే? "నేను ఒకణ్ణి పడగొడతా. తెల్లారేసరికి పేపర్లో నా పేరే వస్తది, వాళ్ళది రాదు" అంది.

మర్నాడు ఆ వకీలు ఇచ్చిన కాగితం ఆమె తనే చదివింది. నేను లైసెన్సు ముక్క కాడ ఆగాను. ఆమె పై నుంచి చదువుకుంటూ వచ్చింది. దళితులకు లైసెన్సులు ఇవ్వటం ఐదో అంశం. దానికి రెండు మెట్ల పైన మూడో అంశం ఉంది: అట్లాంటి చోట దళితులు గిరిజనులు కానివాళ్ళ తుపాకి లైసెన్సులు, వాళ్ళ దగ్గరి చుట్టాలవీ, నౌకర్లవీ, స్నేహితులవీ కూడా రద్దు చేసి, ఆ తుపాకుల్ని ప్రభుత్వ ఆయుధాగారంలో పెట్టించొచ్చు. నాలుగోది, దొంగ తుపాకులు పట్టుకోవటం.

"ఇదిగో నాకు సరిపోయే తుపాకి" అంది. "ఆయన గోడ మీదుంది. దాన్ని దించమను."

రెండు అర్జీలు పెట్టాం. ఒకటి ఆమె లైసెన్సుకి. అది నా పట్టు. రెండోది పెద్దకామందు లైసెన్సు రద్దుకి. దాని కింద పల్లె ఆడవాళ్ళు అరవై మంది వేలిముద్రలేశారు. మొదటి అర్జీ మీద విచారణకి జమేదారు వచ్చి "ఎవరి వల్ల ప్రాణభయం" అని అడిగి, ఆమె చెప్పిన పేరు రాసుకుని, ఆమె నడవడి ఎట్టాంటిదో వాకబు చెయ్యటానికి తిన్నగా ఆ పేరుగలాయన అరుగు మీదికే పోయి కూర్చున్నాడు. కాఫీ తాగాడు. ఇది కథ కాదు, నేను సైకిలు మీద పోతూ కళ్ళారా చూశాను.

రెండో అర్జీ ఊరుకోలేదు. ఆడవాళ్ళు ప్రతి సోమవారం పెద్దాఫీసు మెట్ల మీద కూర్చున్నారు, నాట్ల రోజుల్లో కూడా, కూలి పోగొట్టుకుని. చివరికి అధికారులు ఊరొచ్చి చూశారు. పెద్దకామందు తుపాకి నాలుగు నెలలు స్టేషనులో పెట్టించారు. రద్దు చెయ్యలేదు, పెట్టించారు. ఆ నాలుగు నెలల్లో సర్వేయరు వచ్చాడు. గొలుసు పడింది. రాళ్ళు పాతారు. 1997లో తుపాకి మళ్ళీ ఆయన గోడకెక్కింది. రాళ్ళు మాత్రం కదల్లేదు. 1998లో మా అమ్మను ఆ తొంభై సెంట్లలోనే పూడ్చాం.

ఆమె లైసెన్సు అర్జీ తిరిగొచ్చింది. 'దరఖాస్తుదారుకు ప్రాణభయం ఉన్నట్టు కనిపించలేదు' అని రాశారు. ఒకే ఆఫీసు, ఒకే ఏడు. ఒక ఫైల్లో ఆమెకి భయముందని అతని తుపాకి తీసుకున్నారు. ఇంకో ఫైల్లో ఆమెకి భయం లేదని తుపాకి ఇవ్వమన్నారు.

అప్పటినుంచి చాలా మారినయ్. 2014లో కాన్పూరు ఫ్యాక్టరీ ఆడవాళ్ళ కోసమని 'నిర్భీక్' రివాల్వరు చేసింది. అరకిలో బరువు, సంచిలో పడుద్దట. ధర లక్షా ఇరవై వేలు పైన. ఏ ఆడవాళ్ళ సంచి కొలిచి చేశారో ధర చూస్తేనే తెలుస్తది. అదే ఏడు ఏప్రిల్‌లో హైకోర్టు చుండూరు కేసులో శిక్షపడ్డవాళ్ళందర్నీ వదిలిపెట్టింది. 2016లో ఆయుధాల నిబంధనలు కొత్తవి వచ్చినయ్. 2019లో చట్టం సవరించి ఒక మనిషికి మూడు తుపాకులు ఉండొచ్చన్నదాన్ని రెండు చేశారు. రెండు! మా పల్లె మొత్తానికి ఇవాళ్టికీ ఒక్కటీ లేదు.

మాకు ఆయుధం వద్దని నేను చెప్పటం లేదు. వద్దు అనే హక్కు ఉన్నోడికే ఉంటది, లేనోడికి కాదు. అడగండి. నేను అడిగించాను, మళ్ళీ అడిగిస్తాను. కొలత తియ్యమంటే ఇప్పటికీ నా దగ్గర ఈతాకు ఉంది. కాని తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, మీరు చదువుకున్నోళ్ళు. ఆ మూడో నిబంధన చేతిలో పట్టుకుని ఆఫీసుకి పోయేటప్పుడు ఐదో అంశం కాడ మొదలుపెట్టకండి. పై నుంచి చదవండి. మనకి ఎప్పుడిస్తారని అడిగేముందు, వాళ్ళది ఎప్పుడు దించుతారని అడగండి. ఆ ప్రశ్నకి బట్టు కొయ్యక్కర్లేదు, అది ఆడోళ్ళకీ మగోళ్ళకీ ఒకే కొలత. పేల్చితే తడిక అవతల పిల్లలకి తగలదు.